‘టెన్షన్ వల్లే’ అని వదిలేస్తే ఎలా? నెల్లూరు తీరంలో గుండె మీద పడుతున్న రొయ్యల ధర, తుపాను, అప్పు

నెల్లూరు: తీరప్రాంత మండలాల్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందంటే చుట్టుపక్కల వినిపించే మొదటి మాట దాదాపు ఒకటే. "టెన్షన్ ఎక్కువైపోయిందంటన్నా!" రొయ్యల రైతు అయితే రేటు పడిపోయిందంటారు. బోటు యజమాని అయితే వేట లేదంటారు. పెళ్లికి ఎదిగిన కూతురుందనో, చీటీ పాట డబ్బులు మునిగాయనో ఇంకొకరు అందుకుంటారు. అందరూ తలూపుతారు. చర్చ అక్కడితో ముగిసిపోతుంది.

ఆ మాటలో సగం నిజం ఉంది. గట్టి శాస్త్రీయ ఆధారం కూడా ఉంది. మానసిక ఒత్తిడి మనసులోనే ఉండిపోదు. నిమిషాల్లో రక్తనాళాల దాకా వెళ్తుంది, గుండెకు వెళ్లే రక్తాన్ని తగ్గించగలదు. ఇబ్బందంతా మిగతా సగంతోనే. ‘టెన్షన్’ అని పేరు పెట్టగానే బీపీ చూపించుకోవడం, ఈసీజీ తీయించుకోవడం పక్కకు పోతున్నాయి. నొప్పి వస్తున్నా "టెన్షన్‌లే, పడుకుంటే తగ్గుద్ది" అనుకుంటున్నారు. కారణం తెలిసిపోయింది కాబట్టి వైద్యం అక్కర్లేదన్న లెక్క. నిజానికి లెక్క తిరగబడాలి. టెన్షన్ ఉందంటే గుండెను ముందుగా చూపించుకోవాలి.

2022 ఫిబ్రవరి 21న అప్పటి మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి హైదరాబాద్‌లో గుండెపోటుతో హఠాత్తుగా కన్నుమూశారు. వయసు 50. నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఎమ్మెల్యే. అంతకు ముందే దుబాయ్ ఎక్స్‌పో పర్యటన ముగించుకుని వచ్చారు. వ్యాయామం చేసే మనిషి, ఫిట్‌గా ఉండే మనిషి అని పేరు. ఆయన విషయంలో కారణం ఇదీ అని బయటి నుంచి చెప్పడం సరికాదు. కానీ "అంత ఫిట్‌గా ఉన్నాయనకే ఇట్టయితే మన సంగతేంది" అనే ప్రశ్న మాత్రం జిల్లాలో చాలా ఇళ్లలో మిగిలిపోయింది. బయటికి కనిపించే ఒళ్లు వేరు, లోపలి రక్తనాళాల పరిస్థితి వేరు.

ఒత్తిడి వస్తే రక్తనాళంలో ఏం జరుగుతుంది?

రక్తనాళం అంటే చెరువుకు నీళ్లు తోడే పీవీసీ పైపు లాంటిది అనుకుంటే పొరపాటే. పైపు ఎప్పుడూ ఒకే సైజులో ఉంటుంది. రక్తనాళం మాత్రం అవసరాన్ని బట్టి వెడల్పవుతుంది, సన్నబడుతుంది. దాని లోపలి గోడకు ఒక పల్చటి పొర ఉంటుంది. డాక్టర్లు ఎండోథీలియం అంటారు. రక్తం ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడు ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది. నాళం సడలుతుంది, రక్తం సాఫీగా పారుతుంది.

మనిషి భయపడినా, కోపం వచ్చినా, అవమానం జరిగినా మెదడు శరీరాన్ని అలర్ట్ చేస్తుంది. అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ రక్తంలోకి దూకుతాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ ఎగబాకుతుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు జిగటగా మారి గడ్డ కట్టే గుణం పెరుగుతుంది. అదే సమయంలో కొన్ని రక్తనాళాలు సడలాల్సింది పోయి బిగుసుకుంటాయి. అంటే గుండె ఎక్కువ పని చేయాల్సిన క్షణంలోనే దానికి అందే రక్తం తగ్గే పరిస్థితి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది కాసేపటికి సర్దుకుంటుంది. ఇప్పటికే నాళాల్లో కొవ్వు పేరుకున్నవాళ్లకు ఆ కాసేపే ప్రమాదం.

2024 మేలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో కొలంబియా విశ్వవిద్యాలయం డాక్టర్ల బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. 280 మంది ఆరోగ్యవంతులైన యువతను తీసుకున్నారు. కొందరిని తమకు కోపం తెప్పించిన సంఘటనను 8 నిమిషాల పాటు గుర్తు చేసుకోమన్నారు. కొందరికి ఆందోళన, కొందరికి దుఃఖం కలిగేలా చేశారు. మిగతావాళ్లు ఊరికే అంకెలు లెక్కపెట్టారు. కోపం గుర్తు చేసుకున్నవాళ్లలో రక్తనాళం సడలే శక్తి తగ్గింది. ఆ ప్రభావం 40 నిమిషాల వరకు కనిపించింది. 8 నిమిషాల కోపానికి 40 నిమిషాల మూల్యం అన్నమాట!

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. అదే అధ్యయనంలో ఆందోళన, దుఃఖం ఉన్నవాళ్లలో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. కాబట్టి ‘ఏ బాధ అయినా గుండెను తినేస్తుంది’ అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను ఉన్నదున్నట్టు నమ్మక్కర్లేదు. ఒత్తిడి ఏ రకమైనది, ఎంతసేపు ఉంది, ఎవరికి వచ్చింది అన్నదాన్ని బట్టి ప్రభావం మారుతుంది.

ట్రెడ్‌మిల్‌పై దొరకనిది

గుండె జబ్బు ఉందో లేదో చూడటానికి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించడం తెలిసిందే. అమెరికాలోని అట్లాంటాలో, మన తెలుగువాళ్లు గట్టిగానే ఉన్న ఊరది, ఎమోరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో పరీక్ష కూడా పెట్టారు. గుండె జబ్బు ఉండి, పెద్దగా ఇబ్బంది లేకుండా తిరుగుతున్న 918 మందిని తీసుకున్నారు. ఒకసారి వ్యాయామంతోనో మందుతోనో గుండెకు శ్రమ కల్పించి స్కాన్ తీశారు. ఇంకోసారి జనం ముందు నిలబడి మాట్లాడమన్నారు, అంతే. అప్పుడూ స్కాన్ తీశారు.

కేవలం మాట్లాడమన్నందుకే 147 మందిలో, అంటే 16 శాతం మందిలో గుండె కండరానికి రక్తం తగ్గింది. వాళ్లలో 96 మందికి మామూలు పరీక్షలోనూ తేడా వచ్చింది. మిగతా 51 మందికి మామూలు పరీక్షలో అలాంటి తేడా ఏమీ కనిపించలేదు, మానసిక ఒత్తిడిలోనే బయటపడింది. తర్వాత సుమారు 5 ఏళ్లు వీళ్లందరినీ గమనించారు. మానసిక ఒత్తిడికి రక్తం తగ్గినవాళ్లలో గుండెపోటు లేదా గుండె జబ్బుతో మరణం ముప్పు తగ్గనివాళ్ల కంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. 2021 నవంబరులో ‘జామా’ వైద్య పత్రికలో ఇది వచ్చింది.

నాలుగు మాటలు మాట్లాడితేనే ఇలా ఉంటే, బ్యాంకు మేనేజర్ ముందు కూర్చున్న రైతు సంగతేంటి? మేత బాకీ కోసం డీలర్ నలుగురిలో నిలదీసినప్పుడు పరిస్థితి ఏంటి? ల్యాబ్‌లో పెట్టిన పరీక్ష కంటే అవి చిన్నవేం కాదు.

గుండెపోటు ముప్పుపై ఇప్పటివరకు జరిగిన పెద్ద అధ్యయనాల్లో ‘ఇంటర్‌హార్ట్’ ఒకటి. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ డాక్టర్ సలీం యూసుఫ్ నేతృత్వంలో 52 దేశాల్లో జరిగింది. 2004లో ‘లాన్సెట్’లో ఫలితాలు వచ్చాయి. పొగ, కొవ్వు, బీపీ, షుగర్, పొట్ట, తిండి, మద్యం, వ్యాయామం లేకపోవడం వీటితో పాటు మానసిక, సామాజిక ఒత్తిడిని కూడా గుండెపోటుకు ప్రధాన కారణాల్లో ఒకటిగా ఆ అధ్యయనం తేల్చింది. నిరంతరం ఒత్తిడిలో ఉన్నామని చెప్పినవాళ్లలో ముప్పు రెట్టింపు పైనే కనిపించింది. తీవ్రమైన డబ్బు ఇబ్బందులు ఉన్నవాళ్లలో మూడో వంతు ఎక్కువ. ఇంకో చేదు నిజం, దక్షిణాసియా దేశాలవాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తే, మిగతా దేశాల్లో 58.8 ఏళ్లకు వస్తోంది. మనకు దాదాపు 6 ఏళ్లు ముందే.

నెల్లూరు తీరం ఒత్తిడికి క్యాలెండర్ ఉంది

నగరాల్లో ఒత్తిడి అంటే ఆఫీసు, ట్రాఫిక్, ఈఎంఐ. కావలి నుంచి కిందికి బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు దాకా ఈ తీరంలో ఒత్తిడి వేరు. అది తేదీల ప్రకారం వస్తుంది.

రొయ్యల సంగతే తీసుకుందాం. దేశంలో అత్యధికంగా రొయ్యలు పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. మన రొయ్యలకు పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ భారత్‌పై 26 శాతం సుంకం ప్రకటించారు. గుంటలో రొయ్య ఇంకా ఈదుతుండగానే కొనుగోలుదారులు రేటు తగ్గించేశారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖ రాశారు. తర్వాత ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం సుంకం అమల్లోకి వచ్చింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే మైపాడు పక్కన చెరువు గట్టు మీద ఉన్న మనిషికి నిద్ర పోయింది. ఇందులో అతను చేసిన తప్పేమీ లేదు, చేయగలిగిందీ లేదు. మన చేతిలో ఏమీ లేదన్న ఆ భావనే ఒత్తిడిలో అన్నిటికంటే చెడ్డదని మానసిక నిపుణులు చెప్తుంటారు.

రేటు సరే, రాత్రుళ్ల మాటేంటి? వనామీ పంట అంటే మూడు నెలలకు పైగా కాపలా. రాత్రి చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజాముకు అడుగంటుతుంది. ఆ టైంలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటర్ లేటయితే, లక్షల పంట తేలిపోతుంది. అందుకే ఒంటిగంటకు, మూడింటికి టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతారు. అలా వరసగా వంద రాత్రులు. నిద్ర తక్కువైతే రాత్రిపూట దిగాల్సిన బీపీ దిగదు. మరోవైపు గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది కూడా తెల్లవారుజాము దాటి ఉదయం పూటే అని 1980ల నుంచే వైద్యులు గమనించారు. మెలకువతో పాటు బీపీ, అడ్రినలిన్ పెరిగే టైం అది. గుంటలో రొయ్యకు గండం గడిచే గంటలు, గట్టు మీద మనిషికి గండం మొదలయ్యే గంటలు పక్కపక్కనే ఉన్నాయి.

పెట్టుబడి కూడా సొంతది కాదు. సీడ్ అప్పు, మేత అప్పు, లీజు అడ్వాన్సు. మేత ఇచ్చిన డీలరుకే సరుకు వేయాలి, వాళ్లు చెప్పిన కౌంటుకు, చెప్పిన రేటుకు. ఈ జిల్లాకు ఇది కొత్త కూడా కాదు. 1994-95లో వైరస్ తెగులు వచ్చి నెల్లూరు రొయ్యల సాగు కుప్పకూలింది. ఒక్క సీజన్‌లో కోటీశ్వరులైనవాళ్లు తర్వాతి సీజన్‌లో ఊరు వదిలి వెళ్లిన కథలు ఇక్కడ పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో మరో దెబ్బ. అప్పటి భయం ఇప్పటికీ పోలేదు. రొయ్య తెల్లమచ్చ చూపిస్తే చాలు, గుండె ఝల్లుమంటుంది. ఇది మాట వరసకు అన్నది కాదు, నిజంగానే శరీరంలో జరిగేది.

మత్స్యకారుల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ సమయంలో ప్రభుత్వం ఇచ్చే సాయం గతంలో రూ.10 వేలు ఉండగా 2025లో రూ.20 వేలకు పెంచారు. రెండు నెలలకు ఒక కుటుంబానికి అదే ఆధారం. నిషేధం ముగిశాక తమిళనాడు మరబోట్లు మన తీరానికి దగ్గరగా వచ్చి వల వేస్తున్నాయంటూ గొడవలు. సముద్రంలో వలలు తెగితే ఆ నష్టం ఎవరూ కట్టివ్వరు. ఇంకా తుపాన్లు ఉండనే ఉన్నాయి. 2004 డిసెంబరు 26 సునామీ, 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరులో మిగ్‌జాం, 2025 అక్టోబరు చివర్లో మొంథా. తుపాను వేరే చోట తీరం దాటినా వాన నెల్లూరులో కుమ్మరిస్తుంది. బోటు ఒడ్డుకు లాక్కొచ్చి కట్టుకోవడం, ఇల్లు వదిలి స్కూల్లో తలదాచుకోవడం, తిరిగొచ్చి చూస్తే ఏం మిగిలిందో లెక్కేసుకోవడం అలవాటైపోయింది. అలవాటైందని శరీరం లెక్క చేయకుండా వదలదు.

తుపాను వెళ్లిపోయాక గుండెపోటు

విపత్తులకూ గుండెకూ సంబంధం ఉందని చెప్పే ఉదాహరణలు బయట చాలా ఉన్నాయి. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్‌లో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. అంతకు ముందు వారం రోజుకు సగటున 4.6గా ఉన్న గుండె సంబంధిత హఠాన్మరణాలు ఆ ఒక్క రోజే 24కు చేరాయి. ఇది తక్షణ దెబ్బ.

నెల్లూరుకు ఎక్కువ పనికొచ్చే పాఠం మాత్రం న్యూ ఆర్లీన్స్‌లో దొరుకుతుంది. అదీ సముద్ర తీర నగరమే, అక్కడా చేపలు, రొయ్యలే. 2005లో కత్రినా తుపాను ముంచేసింది. తుపాను వెళ్లిన రెండేళ్లకు అక్కడి టులేన్ ఆసుపత్రి వైద్యులు రికార్డులు చూస్తే, చేరిన రోగుల్లో గుండెపోటు కేసుల వాటా తుపానుకు ముందు కంటే సుమారు 3 రెట్లు ఉంది. రెండేళ్ల తర్వాత! వచ్చినవాళ్లలో ఉద్యోగం పోయినవాళ్లు, బీమా లేనివాళ్లు, పొగ తాగేవాళ్లు, మందులు మానేసినవాళ్లు ఎక్కువ.

అసలు కీలకం అక్కడుంది. ఒత్తిడి నేరుగా రక్తనాళాన్ని బిగించడం ఒక దారి. రెండో దారి మెల్లగా పని చేస్తుంది, ఎక్కువ మందిని పట్టుకుంటుంది. చేతిలో డబ్బు లేదు కాబట్టి బీపీ మాత్ర వారం ఆపుతారు. నిద్ర పట్టక బీడీ, ఆ తర్వాత క్వార్టర్. వండుకునే ఓపిక లేక ఉప్పు చేపతో రెండు ముద్దలు. ఎండుచేపలో ఉప్పు ఎంత ఉంటుందో ఈ తీరానికి చెప్పక్కర్లేదు. బీపీ ఉన్నవాళ్లకు అది రోజూ పడితే మాత్ర వేసుకున్నా ఫలితం అంతంతే. మద్యం ఇంట్లో ఏం చేస్తుందో ఈ జిల్లా ఆడవాళ్లు 1992లోనే దూబగుంట నుంచి దేశానికి చూపించారు. సారా వెళ్లిపోయింది కానీ ఒత్తిడికి మందు తాగే అలవాటు పోలేదు.

మరి తీరంలో గుండె జబ్బులు నిజంగా ఎక్కువేనా? గ్రామాల్లో గుండె జబ్బులు ఉండవు, అవి పట్నం రోగాలు అన్న నమ్మకాన్ని గోదావరి జిల్లాల్లో జరిగిన ఒక పెద్ద సర్వే చాలా ఏళ్ల కిందటే పక్కన పెట్టేసింది. 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు వెతికితే మొదటి స్థానంలో ఉన్నవి గుండె, రక్తనాళాల జబ్బులే. మొత్తం మరణాల్లో 32 శాతం. ఆ లెక్కలు 2003-04 నాటివి. అప్పటికే కోస్తా పల్లెల్లో పరిస్థితి అది.

ఆడవాళ్ల గుండె లెక్కలోకి రావడం లేదు

టెన్షన్, గుండెపోటు అనగానే మగవాళ్ల గురించే మాట్లాడతారు. ఎమోరీ బృందమే చేసిన ఇంకో అధ్యయనం 2018లో వచ్చింది. గుండెపోటు వచ్చి బయటపడిన, వయసు తక్కువున్న ఆడవాళ్లను, మగవాళ్లను పోల్చారు. 61 ఏళ్లు, ఆలోపు ఆడవాళ్లలో 22 శాతం మందికి మానసిక ఒత్తిడిలో గుండెకు రక్తం తగ్గింది. అదే వయసు మగవాళ్లలో 11 శాతం. సరిగ్గా రెట్టింపు.

తీరంలో ఆడవాళ్ల రోజు చూస్తే ఇది ఆశ్చర్యం కలిగించదు. తెల్లవారకముందే ఒడ్డు దగ్గర పాటలో చేపలు కొనాలి, గంప ఎత్తుకుని ఆటో పట్టుకోవాలి, మధ్యాహ్నానికి అమ్ముడుపోకపోతే రేటు తగ్గించాలి, గ్రూపు లోను వాయిదా కట్టాలి. భర్త సముద్రంలో ఉంటే ఫోను సిగ్నల్ లేని ఆ గంటలు వేరే లెక్క. ఇంత చేసే మనిషికి ఆయాసం వస్తే "రక్తం తక్కువేమో" అంటారు. ఛాతీ బరువంటే గ్యాస్ అంటారు. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పి కంటే ఆయాసం, విపరీతమైన నీరసం, వాంతి వచ్చినట్టు ఉండటం, దవడలోనో వీపులోనో నొప్పి రూపంలో వస్తుంది. అందుకే ఇంకా ఆలస్యం.

ఒక గుండె జబ్బుకు పేరే చేపలు పట్టేవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. జపాన్ డాక్టర్లు 1990లో గుర్తించారు. తీవ్రమైన దుఃఖం, భయం తగిలిన కొన్ని గంటల్లో గుండె ఎడమ భాగం అడుగు ఉబ్బి, మెడ సన్నగా ఉన్న కుండలా మారిపోతుంది. జపాన్ జాలర్లు ఆక్టోపస్‌ను పట్టడానికి వాడే కుండ అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని ‘టకోత్సుబో’ అంటారు. జబ్బుకు అదే పేరు పెట్టేశారు. ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్లలో వస్తుంది. అచ్చం గుండెపోటులాగే నొప్పి, ఈసీజీలో తేడా. యాంజియోగ్రామ్ చేస్తే నాళాల్లో పెద్దగా అడ్డం ఉండదు. చాలామంది వారాల్లో కోలుకుంటారు, కొందరికి ప్రాణం మీదకూ వస్తుంది. గుండె పగిలిపోయిందని మన ఇళ్లల్లో అనే మాట ఉత్త మాట కాదన్నమాట. అయితే ఇది గుండెపోటా, టకోత్సుబోనా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. రెండింటికీ ఆసుపత్రికే వెళ్లాలి.

ధ్యానం చేస్తే సరిపోతుందా?

ఒత్తిడి అనగానే యోగా చేయండి, ధ్యానం చేయండి అనే సలహా వస్తుంది. మంచిదే. కానీ అతిగా చెప్పుకోకూడదు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందిపై ‘యోగా కేర్’ పేరుతో పరీక్ష జరిగింది. యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, మళ్లీ పనుల్లోకి త్వరగా వెళ్లారు. మరణాలు, మళ్లీ గుండెపోట్లు మాత్రం నమ్మకంగా చెప్పగలిగినంత తగ్గలేదు. స్వీడన్‌లో 362 మంది గుండె రోగులకు గ్రూపుగా కూర్చోబెట్టి ఒత్తిడిని ఎదుర్కోవడం నేర్పితే, ఆ గ్రూపులో మళ్లీ జబ్బు తిరగబెట్టడం 41 శాతం తగ్గింది. అమెరికాలో అలాంటి కౌన్సెలింగ్‌తోనే చేసిన ఇంకో పెద్ద పరీక్షలో మరణాలు తగ్గలేదు. అంటే ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయి.

బీపీ మాత్ర, షుగర్ మాత్ర, కొవ్వు తగ్గించే మాత్ర, పొగ మానడం వీటి విషయంలో అలాంటి సందేహం లేదు. కాబట్టి మాత్ర మానేసి ప్రాణాయామం చేస్తానంటే కుదరదు. రెండూ చేయొచ్చు. పైగా అప్పుల్లో ఉన్న రైతును కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉండమని చెప్పడం ఎంతవరకు న్యాయమో కూడా ఆలోచించాలి. రేటు, కరెంటు, పంట బీమా ఇవి అతని చేతిలో లేవు. సుంకాల గురించి జరిగే సమీక్షల్లో ఎకరాల లెక్క, టన్నుల లెక్క, డాలర్ల లెక్క ఉంటాయి. ఈ మనిషి బీపీ లెక్క ఉండదు.

నొప్పి వస్తే గంటల లెక్క

గుండెపోటు అంటే నాళం మూసుకుపోవడం. మూసుకున్న ప్రతి నిమిషం గుండె కండరం కొంత చచ్చిపోతుంటుంది. మొదటి గంటలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ పడితే చాలా కండరం మిగులుతుంది. టెనెక్టెప్లేస్ అనే ఆ ఇంజెక్షన్ బయట కొంటే రూ.40 వేల పైమాటే. రాష్ట్రంలో 2023 సెప్టెంబరులో మొదలైన స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇవ్వడం ప్రారంభించారు. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రిలో ఉన్న గుండె వైద్యులకు పంపుతారు, వాళ్లు చూసి చెప్పగానే అక్కడే ఇంజెక్షన్ వేస్తారు. తర్వాత పెద్దాసుపత్రికి పంపిస్తారు. దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో ఈ సదుపాయం ఉందో అవసరం రాకముందే ఆశా కార్యకర్తనో పీహెచ్‌సీలోనో అడిగి తెలుసుకుని ఉంటే మేలు.

ఇప్పుడు అసలు సీన్ చూడండి. తెల్లవారుజామున ఛాతీలో బరువు. ముందు ఒక గోలీ సోడా. తగ్గలేదు, గ్యాస్ టాబ్లెట్. గంట గడిచింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, ఒక ఇంజెక్షన్. ఇంకో గంట. చెమటలు పట్టాక బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరతారు. తీర గ్రామాల నుంచి నెల్లూరుకో కావలికో చేరేసరికి విలువైన సమయం అయిపోయి ఉంటుంది. ఇంత ఆలస్యానికి మొదటి మెట్టు "రాత్రంతా నిద్ర లేదు కదా, టెన్షన్‌లే" అన్న మాటే. ఛాతీలో బరువు, ఎడమ చేయి లేదా దవడకు పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం ఇవి కొన్ని నిమిషాలకు మించి ఉంటే 108కు ఫోన్ చేయాలి. గ్యాస్ అని తర్వాత తేలితే పోయేదేమీ లేదు.

మనసు బరువు మోయలేనట్టు ఉంటే మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రయినా పగలయినా. 2022 అక్టోబరు నుంచి పని చేస్తోంది. అప్పు తీరదు కానీ, ఆ రాత్రి గట్టు మీద ఒంటరిగా ఉన్న మనిషికి అవతల ఒక గొంతు ఉంటుంది.

పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలతో ఒత్తిడిని, కుంగుబాటును గుర్తించే ప్రయోగం జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేసి చూపించింది. గుర్తించినవాళ్లను పీహెచ్‌సీ డాక్టరుకు కలిపారు. పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు, పెద్ద ఖర్చు కాదు. నెల్లూరు తీరానికి ఇది అతుకుతుంది. బీపీ, షుగర్ ఎలాగూ చూస్తున్నారు. నిద్ర పడుతోందా, అప్పు గురించి ఎవరితోనైనా మాట్లాడారా, మాత్రలు ఆపేశారా అని అదే సిటింగ్‌లో అడగొచ్చు.

ఆసుపత్రికి రమ్మంటే వీళ్లు రారు, రాలేరు. రొయ్యల రైతు పంట పట్టే దాకా గట్టు దిగడు, వేటకు వెళ్లేవాళ్లు పొద్దున ఊళ్లో ఉండరు. కానీ ఏప్రిల్ 15న బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. మగవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు, వల అల్లుకుంటూ చెట్టు కిందే కూర్చుంటారు. నిషేధ సాయం కోసం అధికారులు అర్హుల జాబితా పట్టుకుని ప్రతి మత్స్యకార గ్రామానికీ వస్తారు, ఆధార్, బోటు నంబరు సరిచూస్తారు. ఆ టేబుల్ పక్కనే ఇంకో కుర్చీ వేసి, బీపీ మిషను పెట్టుకుని ఒక ఏఎన్ఎం కూర్చుంటే చాలు. మళ్లీ బోట్లు నీళ్లలోకి దిగేలోపు 61 రోజుల టైం ఉంది.